పువ్వులో నూనెకు దక్కేదెంత?

మందార పువ్వు ఎంత ఎర్రగా ఉన్నా, దాన్ని కొబ్బరినూనెలో వేసి కాస్తే నూనె మాత్రం ఎర్రబడదు. రేకులు వాడిపోయి, ముడుచుకుని, నల్లబడతాయి. నూనె లేత గోధుమరంగుకు తిరుగుతుంది. నాలుగు మందారాకులు కూడా వేస్తే ఆకుపచ్చగా అవుతుంది. అవే రేకుల్ని వేడినీళ్లలో వేసి చూడండి. కాసేపటికే నీళ్లు ముదురు ఊదారంగు పట్టేస్తాయి. అందులో నిమ్మకాయ పిండితే ఊదా పోయి ఎరుపు వస్తుంది. ఇప్పుడు బాగా ఎండిన బంతి రేకుల్ని గోరువెచ్చటి నూనెలో వేయండి. కథ పూర్తిగా తిరగబడుతుంది. గంట గడిచేసరికి నూనె బంగారు పసుపుగా మారుతుంది.

పూలతో నూనెలు, మలాములు తయారు చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా ఈ రెండు నూనె గిన్నెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలని నా కోరిక. ఇంటి తైలాల శాస్త్రమంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. మందారానికి ఎరుపునిచ్చేవి ఆంథోసయనిన్లు. వాటి అణువులకు చక్కెర ముక్కలు అతుక్కుని ఉంటాయి, అందుకే నీళ్లలో ఇట్టే కరుగుతాయి, నూనెను దగ్గరకు రానివ్వవు. బంతికి పసుపునిచ్చేది లూటీన్. పువ్వులో అది కొవ్వు ఆమ్లాలతో జతకట్టి ఉంటుంది, కనుక నూనెలో సులువుగా కలిసిపోతుంది. కోడిగుడ్డు సొనకు మంచి పసుపు రావాలని కోళ్ల దాణాలో కలిపే లూటీన్‌ను బంతి పూల నుంచే తీస్తారు.

అంటే పువ్వులో ఉన్నదంతా నూనెలోకి రాదు. నూనెకు తనలాంటివే దక్కుతాయి: కొవ్వులో కరిగే రంగులు, సువాసనలు, మైనాలు, జిగటగా ఉండే రెసిన్లు. చక్కెరలు, జిగురు, ఎరుపు ఊదా రంగులు, టానిన్లు చాలా భాగం పిప్పిలోనే మిగిలిపోతాయి. మందారాకుకున్న గొప్ప గుణం దాని జిగురు. జుట్టును మెత్తగా చేసేది అదే. ఆ జిగురు నీటి సొత్తు. అందుకే ఆకును నీళ్లతో నూరి తలంటుకున్న మన పాతకాలం ఆడవాళ్ల పద్ధతి శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది, అదే ఆకును నూనెలో మరిగిస్తే ఆ జిగురు రాదు. కలబంద గుజ్జు సంగతీ అంతే. అందులో 98 శాతానికి పైగా నీరే. దాన్ని నూనెలో వేసి మరిగిస్తే నీరంతా ఆవిరై, అడుగున మాడిన పీచు మిగులుతుంది. గోరింటాకు వేసి కాచిన నూనె రాసుకుంటే జుట్టు ఎర్రబడుతుందని ఆశించేవాళ్లకూ ఇదే జవాబు. ఆకులోని రంగు విడుదల కావాలంటే నీళ్లతో నూరి, కాసేపు నానబెట్టాలి.

మరి మందార నూనె దండగేనా? కాదు. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో మందార ఆకుల నుంచీ పూల నుంచీ నూనెలాంటి గుణమున్న పెట్రోలియం ఈథర్‌తో సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించారు. వెంట్రుకల పెరుగుదలలో ఆకు సారం పువ్వు సారం కంటే మెరుగ్గా కనిపించింది. మనుషుల మీద అలాంటి రుజువు ఉందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ పువ్వుతో పాటు ఆకు కూడా వేయడానికి ఇది మంచి కారణం. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం కొబ్బరినూనె గురించి: పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ చేయలేని పని కొబ్బరినూనె చేసింది, తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ నష్టాన్ని తగ్గించింది. మందార నూనె పేరున మనం పొందే మేలులో పెద్ద వాటా కొబ్బరిదే అయి ఉంటుందని నేను అనుకుంటాను.

ఏది కరుగుతుందో తెలిసింది కనుక, ఇక ఏది ఉండకూడదో చూద్దాం. నూనెలో నీరు ఉండకూడదు. ఇంట్లో చేసిన తైలాలు చెడిపోవడానికి మొదటి కారణం ఇదే. స్వచ్ఛమైన నూనెలో సూక్ష్మజీవులు పెరగలేవు, వాటికి నీరు కావాలి. తాజా పువ్వు బరువులో అత్యధిక భాగం నీరే. తడి పూలను సీసాలో కూరి, నూనె పోసి, మూత బిగిస్తే ఏం జరుగుతుంది? రేకుల్లోని నీరు మెల్లగా బయటికొచ్చి సన్నటి బొట్లుగా అడుగుకు చేరుతుంది. నూనె పైకి తేలిన రేకుల అంచున బూజు పడుతుంది. అడుగున గాలి సోకని చోట మరో రకం బాక్టీరియాకు నివాసం దొరుకుతుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వ ఉంచిన వెల్లుల్లి తిన్నవాళ్లకు అలాంటి బాక్టీరియా విషం వల్లే బొటులిజం అనే జబ్బు వచ్చింది. అది తినే పదార్థం, మనది పైపూత. అయినా పగిలిన చర్మానికి, గీసుకుపోయిన చోట రాసే మందులో ఏ బాక్టీరియా ఉన్నా మంచిది కాదు.

మన ఆయుర్వేద వైద్యులు ఈ విషయాన్ని సూక్ష్మదర్శిని లేని రోజుల్లోనే పట్టుకున్నారు. తైలం కాయడానికి శార్ఙ్గధర సంహిత చెప్పే కొలత ఇది: నూరిన మూలికల ముద్ద 1 వంతు, నూనె 4 వంతులు, కషాయం లాంటి ద్రవం 16 వంతులు. అంత నీరు ఎందుకంటే, ముందు నీటిలో కరిగేవి నీటిలోకి వస్తాయి, నూనెలో కరిగేవి నూనెలోకి పోతాయి. నీరు ఉన్నంతసేపూ గిన్నెలోని వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, కాబట్టి మూలిక మాడదు. నీరు పూర్తిగా ఇగిరిపోయిన క్షణం నుంచి నూనె వేడి గబగబా పెరుగుతుంది. దించాల్సిన సమయం అదే. దాన్ని ఎలా గుర్తించాలి? అడుగున ఉన్న ముద్దను కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపితే వత్తిలా రావాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపటమనకూడదు. చిటపటమంటే లోపల నీటిబొట్టు మిగిలి ఉంది, అది ఒక్కసారిగా ఆవిరై పేలుతోంది. నూనె మీద నురుగు కట్టడం కూడా పాకం వచ్చిన గుర్తుల్లో ఒకటి. నెయ్యి అయితే దీనికి వ్యతిరేకం, నురుగు అణగినప్పుడు పాకం వచ్చినట్టు.

ఇంట్లో ఇంత పాకం అవసరం లేని సులువైన దారి ఒకటుంది. పూలను ముందే బాగా ఎండబెట్టుకోవడం. ఎండలో కాదు, గాలి ఆడే నీడలో, పల్చటి గుడ్డ మీద, ఒక రేకు మీద మరో రేకు పడకుండా పరచాలి. తొడిమలు, పచ్చటి కింది భాగం తీసేస్తే త్వరగా ఎండుతాయి. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి. మెత్తగా వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో కోస్తా జిల్లాల్లో ఈ పని పెట్టుకోకపోవడం మేలు, ఆ గాలిలో ఎండిన పువ్వు కూడా రాత్రికి మళ్లీ మెత్తబడుతుంది.

తర్వాత 100 గ్రాముల నూనెకు 10 గ్రాముల ఎండు రేకుల చొప్పున, పూర్తిగా ఆరిన గాజు సీసాలోనో స్టీలు గిన్నెలోనో వేయాలి. ఇనుము, రాగి పాత్రలు వద్దు. ఆ లోహాలు కొంచెం తగిలినా నూనె తొందరగా పాతబడుతుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి సన్నటి మంట మీద ఉంచి, నూనె గిన్నెను అందులో పెట్టాలి. నీళ్లు మరగకూడదు, వేలు పెట్టలేనంత వేడి చాలు. అలా మూడు నాలుగు గంటలు ఉంచితే నూనె తీసుకోగలిగినదంతా తీసుకుంటుంది. తొందర లేనివాళ్లు సీసాను చీకటి అలమరలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, రెండు రోజులకోసారి కుదిపినా సరిపోతుంది. ఎండలో కిటికీ మీద పెట్టమని చాలామంది చెబుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ముఖ్యంగా ఆకులు వేసిన నూనెకు అది చేటు. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం వెలుతురును పట్టి ఆ శక్తిని గాలిలోని ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా రేగిన ఆక్సిజన్ నూనె అణువులను విరగ్గొడుతుంది. పాత నూనె వాసన అప్పుడే మొదలవుతుంది. ఆకు నూనెలను ముదురు రంగు సీసాల్లోనే ఉంచాలి.

పల్చటి నూలుగుడ్డలో వడకట్టి పిండాక ఒక రాత్రంతా కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైనున్న తేట నూనెను మెల్లగా వంచుకోవాలి. అడుగున నీటి బుడగలాంటిది కనిపిస్తే ఆ భాగాన్ని వదిలేయాల్సిందే. కొంత నూనెను రేకులే తాగేస్తాయి, పోసినంతా తిరిగి రాదు.

ఏ నూనె వాడాలి అన్నది పువ్వు కంటే పెద్ద ప్రశ్న. సీసాలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఉండేది అదే కదా. నువ్వుల నూనెలో సెసమాల్ వంటి సహజ రక్షకాలుండటం వల్ల అది త్వరగా పాతబడదు. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వులే ఎక్కువ కనుక ఆక్సిజన్‌కు లొంగదు, అయితే 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. చర్మం విషయంలో మరో ఆధారం ఢాకా నుంచి ఉంది. అక్కడి ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే, ఏమీ రాయని పిల్లల కంటే వాళ్లకు ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్ల ముప్పు 41 శాతం తగ్గిందని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ నూనెలో ఏ పువ్వూ వేయలేదు. ఆలివ్, ఆవ నూనెలు మాత్రం చర్మం పైపొరను బలహీనపరుస్తాయని అధ్యయనాలు చూపాయి. ఆలివ్ నూనెలో అధికంగా ఉండే ఓలిక్ ఆమ్లం ఇందుకు కారణం. ఖరీదైనదంతా చర్మానికి మంచిదని అనుకోనక్కర్లేదు.

సువాసన కోసమే చేసుకునేవాళ్లకు మల్లె వేరే దారి చూపిస్తుంది. కోసిన తర్వాత కూడా మల్లెపువ్వు గంటల తరబడి పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. వేడిచేస్తే ఆ పని ఆగిపోతుంది, ఉన్న వాసనా మారిపోతుంది. అందుకే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ లాంటి చోట్ల పరిమళ నూనెలు చేసేవాళ్లు నువ్వులనూ మల్లెలనూ పొరలు పొరలుగా పరచి, వాడిన పూలు తీసి కొత్తవి వేస్తూ, చివరికి ఆ నువ్వుల్ని గానుగాడేవారు. నువ్వులోని కొవ్వే పరిమళాన్ని పట్టుకుంటుంది. పొయ్యి వెలిగించే పని లేదు.

ఇప్పుడు బంతి దగ్గరికి మళ్లీ రావాలి. అంత చక్కటి పసుపు నూనె వచ్చింది కదా, ముఖానికి రాసుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి వద్దు. బంతి మొక్కలో థయోఫీన్లు అనే పదార్థాలుంటాయి, వేళ్లలో మరీ ఎక్కువ. టమాటా చేలలో వేరుముడి పురుగుల్ని తగ్గించడానికి రైతులు బంతిని వేసేది ఇందుకే. వీటిలో కొన్ని ఎండ తగిలితే విషపూరితంగా పనిచేస్తాయి, జీవకణాలను దెబ్బతీస్తాయి. యూరోపియన్ యూనియన్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం మనం ముద్దబంతి అనే జాతి పూల సారాన్నీ నూనెనూ సౌందర్య సాధనాల్లో వాడకూడదు. దాని బంధువులైన మరో రెండు జాతులను అతి స్వల్ప మోతాదుకు పరిమితం చేశారు, ఎండ నుంచి కాపాడే క్రీముల్లో అసలు వద్దన్నారు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం ఎండే. గుమ్మానికి, బతుకమ్మకు, దేవుడికి బంతి చక్కగా ఉంటుంది. చర్మానికి కాదు.

గందరగోళం ఎక్కడ వస్తుందంటే, విదేశీ పుస్తకాల్లో మారిగోల్డ్ మలాము అని రాసేది ఈ బంతి గురించి కాదు, క్యాలెండ్యులా గురించి. హోమియో మందుల షాపులో గాయాలకు ఇచ్చే క్యాలెండ్యులా కూడా ఆ మొక్కదే. చామంతి కుటుంబంలో బంతికి దూరపు చుట్టం. మన దగ్గర శీతాకాలంలో కుండీల్లో బాగా వస్తుంది, ఎండలు ముదిరితే పోతుంది. పువ్వు కోస్తుంటే వేళ్లకు జిగటగా అంటుకుంటుంది, ఆకు బంతాకులా చీలికలుగా ఉండదు, పొడవుగా ఉంటుంది. ఈ రెండు గుర్తులు చాలు పొరపడకుండా ఉండటానికి.

క్యాలెండ్యులా రేకుల్లో ఫారడయోల్ లాంటి ట్రైటర్పీన్ పదార్థాలున్నాయి. ఇవి కొవ్వులో కరుగుతాయి. ఎలుకల చెవి వాపు మీద చేసిన ప్రయోగాల్లో వాపును తగ్గించింది ప్రధానంగా ఇవేనని ఇటలీ పరిశోధకులు 1994లో చూపారు. మనుషుల విషయానికొస్తే, 2004లో ఫ్రాన్స్ వైద్యులు రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 254 మంది స్త్రీలలో సగం మందికి క్యాలెండ్యులా లేపనం, మిగతావారికి అక్కడ మామూలుగా వాడే మరో లేపనం ఇచ్చారు. చర్మం ఒక స్థాయికి మించి కమిలిపోవడం క్యాలెండ్యులా వాడినవారిలో 41 శాతం, రెండోవారిలో 63 శాతం. 2013లో స్వీడన్‌లో ఇలాంటి పరీక్షే చేస్తే మామూలు క్రీముకూ క్యాలెండ్యులా క్రీముకూ తేడా కనబడలేదు. రెండింటినీ కలిపి చూస్తే నాకు తోచేది: ఇందులో నిజమైన గుణం ఉంది, అద్భుతం మాత్రం లేదు.

చామంతి కుటుంబం పేరు వచ్చింది కనుక ఒక హెచ్చరిక కూడా. మన రోడ్ల పక్కన, బీడు భూముల్లో కనిపించే వయ్యారిభామ కూడా చామంతి కుటుంబానిదే. దాని వల్ల చర్మం దురదలు, మంటలు పడేవాళ్లు పల్లెల్లో ఎందరో ఉన్నారు. వయ్యారిభామ పడనివాళ్లకు చామంతి, బంతి కూడా పడకపోవచ్చు, క్యాలెండ్యులా సైతం అనుమానమే. ఏ పూల నూనైనా ముందు మోచేతి లోపలి వైపు చిన్న చుక్క రాసి, రెండు రోజులు చూశాకే వాడాలి. ఇక గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పూలతో ఇంట్లో నూనెలు కాయకండి. వాటి విషాలను కొలిచి వాడటం వంటగదిలో కుదిరే పని కాదు.

నూనె కుదిరితే మలాము కష్టం కాదు. 100 గ్రాముల పూల నూనెకు 20 గ్రాముల తేనెమైనం తురిమి, నీళ్ల గిన్నెలోనే పెట్టి కరిగించాలి. తేనెమైనం కరిగేది 62 నుంచి 65 డిగ్రీల మధ్య. కరగగానే దించేయాలి. చల్లటి చెంచా మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి, వేలితో నొక్కి చూస్తే ఎంత గట్టిపడుతుందో తెలిసిపోతుంది. మెత్తగా ఉంటే ఇంకాస్త మైనం, మరీ గట్టిగా ఉంటే ఇంకాస్త నూనె. విజయవాడ, రామగుండం మే నెల వేడికి మైనం 25 గ్రాముల దాకా పెంచుకోవచ్చు. డబ్బాల్లో పోశాక వెంటనే మూత పెట్టకూడదు. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి, బొట్లు జారి మలాములో పడతాయి. ఎండబెట్టి ఎండబెట్టి వెళ్లగొట్టిన నీరు మళ్లీ చేరుతుంది. పల్చటి గుడ్డ కప్పి పూర్తిగా చల్లారనివ్వాలి.

ఇందులో పన్నీరు పోస్తే ఇంకా బాగుంటుంది కదా అని అడిగేవాళ్లున్నారు. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ ఆ పని చేశాడు కూడా. తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు కలిపి చేసిన ఆయన లేపనమే నేటి కోల్డ్‌క్రీముకు మూలం. కానీ నీరు కలిసిన ప్రతి లేపనానికీ సూక్ష్మజీవుల్ని ఆపే నిల్వ మందు ఉండాలి. ఇ విటమిన్ నూనె పాతబడటాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప బాక్టీరియాను, బూజును ఆపలేదు. ఇంట్లో చేసేటప్పుడు నీరు లేని మలాముకే పరిమితం కావడం క్షేమం.

రాసుకున్నాక ఈ మలాము చేసేదేమిటి? చర్మం పైపొర ఇటుకల గోడలాంటిది, మృతకణాలు ఇటుకలైతే మధ్యలోని కొవ్వు సున్నం. చలికి, సబ్బుకు ఆ సున్నం కొట్టుకుపోతే పగుళ్లు వచ్చి, లోపలి తేమ ఆవిరైపోతుంది. నూనె ఆ సందులను కొంత పూడుస్తుంది, మైనం పైన పొరలా నిలిచి తేమను ఆపుతుంది. తడి ఆరకముందే, స్నానం చేసిన వెంటనే రాస్తే ఎక్కువ ఫలితం ఉండేది అందుకే. కాలి మడమల పగుళ్లకు, ఎండిన పెదవులకు, అంట్లు తోమి గరుకుబారిన చేతులకు ఇది చక్కగా పనిచేస్తుంది. కాలిన గాయాలకు, లోతైన కోతలకు, చీము పట్టిన పుండ్లకు, పసిపిల్లల బొడ్డుకు రాయకూడదు. వాటికి డాక్టరే దిక్కు. షుగర్ ఉన్నవాళ్లు కాలి పుండు మీద ఇంటి మలాములతో రోజులు గడపకూడదు, రేడియేషన్ తీసుకుంటున్నవాళ్లు తమ వైద్యుల్ని అడగకుండా ఏదీ రాయకూడదు.

డబ్బా మీద పువ్వు పేరు, నూనె పేరు, చేసిన తేదీ రాసి పెట్టుకోండి. పొడి వేలితోనే తీయండి. ఆరు నెలల్లో వాడేసేంత మాత్రమే చేయండి, వాసన మారితే ఎంత మిగిలినా పారేయండి.